ఒలింపస్ ఓఎమ్-1: మెచ్చుకోలూ, అభ్యంతరాలూ

పోయిన నెల మన కుటుంబాలన్నీ సీలైన్ తీరాన కలుసుకున్నప్పుడు ఒక మిత్రులు మెడలో పాత ఫిల్ము కెమేరా వేసుకుని వచ్చారు. పులిహోర పొట్లాలు విప్పేలోపలే చర్చ మొదలయింది. ఫోను వచ్చి ఫొటో అనేదాన్ని చంపేసిందనీ, ముప్ఫయ్యారు బొమ్మల రీలు వున్న రోజుల్లోనే మనుషులకు చూడటం తెలుసుననీ ఆయన అన్నారు. నేను కాదన్నాను. పిల్లలు ఒంటెల దగ్గరకు వెళ్ళి తిరిగి వచ్చేదాకా కాదంటూనే వున్నాను. చివరకు సంపాదకులు విసిగి, "ఇంత గొంతు చించుకునే బదులు అదేదో రాసి ఇవ్వండి డాక్టరుగారూ, రెండు పేజీలు ఖాళీగా వున్నాయి" అన్నారు. రెండు పేజీలకు మించితే బాధ్యత ఆయనదే.

ఆయన మెడలో వున్న కెమేరాకు తోబుట్టువు మా ఇంట్లోనూ వుంది. ఒలింపస్ ఓఎమ్-1. మాది 1979లో కొద్ది మార్పులతో వచ్చిన ఓఎమ్-1ఎన్. అది మా నాన్నగారిది. ఈ ఊరిని ఉమ్ సయీద్ అనే రోజుల్లో ఆయన ఇక్కడే ఫిట్టరుగా పనిచేశారు. 1974లో ఖతార్ ప్రభుత్వం జపాను దేశపు కోబే స్టీలుతో కలిసి ఇక్కడ ఉక్కు కర్మాగారం స్థాపించింది. 1978లో ఉత్పత్తి మొదలయింది. ఆ రోజుల్లో ఊళ్ళో జపాను వాళ్ళు బాగానే వుండేవారట. స్వదేశం వెళ్ళిపోతున్న ఒక జపాను ఇంజనీరు దగ్గర నాన్నగారు దీన్ని కొన్నారు. కొత్తది కొనే తాహతు ఆయనకు లేదు. పాతదానికే మూడు నెలలు ఇంటికి తక్కువ డబ్బు పంపారని అమ్మ ఇప్పటికీ అంటుంది. కనుక నేను దీన్ని మెచ్చుకున్నా, తప్పు పట్టినా కొంత పక్షపాతం వుంటుంది. ముందే చెప్పడం మంచిది.

ముందు మెచ్చుకోవలసినవి. 1959లో నికాన్ ఎఫ్ వచ్చాక, ఫొటోగ్రఫీని గట్టిగా పట్టించుకునే వాళ్ళకు ఒకే లెన్సులోంచి చూసి, అదే లెన్సుతో తీసే జపాను కెమేరాలే ప్రమాణమయ్యాయి. అవి గట్టివి, నమ్మదగ్గవి, కాని ఇటుకల్లా వుండేవి. ఒలింపస్‌లో యొషిహిసా మైతానీ అనే ఇంజనీరు వుండేవారు (1933-2009). ఆయన చదివింది మోటారు వాహనాల ఇంజనీరింగు. చేరింది కెమేరాల కంపెనీలో. ఈ జాతి కెమేరాలకు మూడు రోగాలున్నాయని ఆయన నిదానించారు: పెద్దవి, బరువైనవి, మీట నొక్కితే లోపలి అద్దం లేచి కొట్టుకుని అదురూ చప్పుడూ చేసేవి. బరువును సగానికి దించాలని పట్టుపట్టారు. 1972లో ఎమ్-1 అన్న పేరుతో ఆయన కెమేరా బయటికొచ్చింది. ఆ పేరు మాదని లైకా వాళ్ళు అభ్యంతరం చెప్పారు. 1973 నుంచి అది ఓఎమ్-1 అయింది. లెన్సు లేకుండా దీని బరువు ఇంచుమించు అర కిలో. అద్దం అదురును మింగటానికి లోపల గాలితో పనిచేసే చిన్న డాంపరు పెట్టారు. చిన్నదిగా చేయడానికి వస్తువును నలిపి కుదించలేదు. అమరికనే మొదటినుంచి మార్చారు. ఫిట్టరు చేతులకు ఇది నచ్చడంలో ఆశ్చర్యం లేదు. "దీన్లో అనవసరమైన మర ఒక్కటి లేదురా" అనేవారు నాన్నగారు.

వైద్యవృత్తిలో వున్నవాళ్ళకు ఒలింపస్ పేరు వేరే దారిన తెలుసు. 1919లో మొదలైన ఆ కంపెనీ తొలి సరుకు మైక్రోస్కోపు. 1950లో టోక్యో విశ్వవిద్యాలయపు వైద్యుడు తత్సురో ఉజి, ఒలింపస్ ఇంజనీర్లు కలిసి రోగి కడుపులోకి దించే చిన్న కెమేరా తయారుచేశారు. ఇవాళ గొట్టం వేసి పొట్ట చూసే ప్రతి డాక్టరూ ఆ వంశానికి ఋణపడి వున్నట్టే. మైతానీ కూడా తన కెమేరాను విశ్వం మొదలుకొని సూక్ష్మక్రిమి దాకా దేనినైనా తీయగలదిగా వుండాలని ఊహించారు. టెలిస్కోపుకూ మైక్రోస్కోపుకూ తగిలించే సరంజామా అంతా సిద్ధం చేయించారు. అదురు తగ్గించాలన్న పట్టుదల ఎందుకో మైక్రోస్కోపు దగ్గర కూర్చున్నవాడికి వేరే చెప్పనక్కరలేదు.

ఇక చేతిలోకి తీసుకుందాం. చాలా కెమేరాల్లో షట్టరు వేగం మార్చే చక్రం పైకప్పు మీద కుడివైపు వుంటుంది. దీన్లో అది లెన్సు మొదట్లో కంకణంలా చుట్టుకుని వుంది. దాని ముందు ఫోకసు కంకణం, చివర్న ఎపర్చరు కంకణం. మూడూ ఎడమచేతి రెండు వేళ్ళకు అందుతాయి. కుడిచేతికి మీట నొక్కడం, ఫిల్ము తిప్పడం తప్ప వేరే పని లేదు. కన్ను తీయకుండా అన్నీ సరిచేసుకోవచ్చు. స్టెతస్కోపు చెవుల్లో వుండగానే రెండో చేత్తో నాడి పట్టుకున్నట్టు. ఇక కన్ను ఆనించే కిటికీ. మామూలు 50 మిల్లీమీటర్ల లెన్సు పెడితే లోకం దాదాపు వున్నంత పరిమాణంలోనే కనబడుతుంది. ఫిల్ము మీద పడబోయేదాంట్లో నూటికి తొంభైయేడు పాళ్ళు ముందే చూడవచ్చు. దీన్లోంచి మొదటిసారి చూసిన మా అబ్బాయి, "నాన్నా, టీవీ కన్నా పెద్దగా వుంది" అన్నాడు. అది అతిశయోక్తి గాని, అర్థం కాని మాట కాదు.

ఇంతవరకు మిత్రులకూ నాకూ తగవు లేదు.

అభ్యంతరాలలో చిన్నవి ముందు. అంత పెద్ద కిటికీలో ఎపర్చరూ, షట్టరు వేగమూ ఏమున్నాయో చూపించరు. ఒక సూది మాత్రం కిందికీ మీదికీ ఆడుతూ వుంటుంది. ఎక్కడున్నామో టిక్కులు లెక్కపెట్టుకోవాలి, లేదా కెమేరా దించి చూసుకోవాలి. దించాక, కన్ను తీయకుండా పని జరిగిపోయే సుఖం ఏమయింది? నాలా కళ్ళజోడు పెట్టుకునేవాడికి ఆ కిటికీ నాలుగు మూలలూ ఒకేసారి కనబడవు. అప్పటి జపాను కెమేరాలన్నిటిలోలాగే దీన్లోనూ వెలుతురు చొరకుండా, దెబ్బ తగలకుండా పెట్టిన స్పాంజి ముక్కలు ముప్ఫయి నలభై ఏళ్ళకు జిగురై కరిగిపోతాయి. ఈ తరహా ఓఎమ్‌లలో ఆ జిగురు పైనున్న పట్టకానికి అంటుకుని దాని వెండిపూతను తినేస్తుంది. పాత కెమేరా కొనాలనుకునే సభ్యులు ముందు కిటికీలోంచి ఆకాశం చూడండి. కింది భాగంలో నల్లటి మచ్చలు కనబడితే బేరం కట్టిపెట్టండి.

బ్యాటరీ సంగతి కొంచెం పెద్దది. ఈ కెమేరాకు బ్యాటరీ లేకపోయినా షట్టరు పనిచేస్తుంది, బ్యాటరీ అక్కర వెలుతురు కొలిచే సూదికే. ఆ సూది 1.35 వోల్టుల పాదరసపు బిళ్ళకు సరిపడేట్టు చేసినది. ఆ బిళ్ళలు ఇప్పుడు లేవు. అమెరికాలో 1996 చట్టంతో ఆగిపోయాయి, తక్కిన దేశాల్లోనూ క్రమంగా పోయాయి. దాని బదులు 1.5 వోల్టుల మామూలు బిళ్ళ వేస్తే సూది వున్న వెలుతురు కన్నా ఎక్కువ చెబుతుంది, మనం తక్కువ వెలుతురు ఇస్తాం, బొమ్మ చీకటి పడుతుంది. నేను 675 నంబరు చెవిమిషను బ్యాటరీ వేస్తాను. జింకుతో, గాలితో పనిచేసేది, 1.4 వోల్టులు. అంటించిన కాగితం పీకాక కొన్ని వారాలే బతుకుతుంది. ఈ ఎడారి గాలికి ఇంకా తొందరగా ఎండిపోతుంది. దీన్ని తలుచుకుని పాదరసపు బిళ్ళ కోసం నిట్టూర్చేవాళ్ళతో నాకు సానుభూతి లేదు. జపానులోనే మినమాతా అనే ఊళ్ళో ఒక రసాయన కర్మాగారం సముద్రంలోకి వదిలిన పాదరసం చేపల్లోంచి మనుషుల్లోకి ఎక్కింది. ఆ జబ్బును 1956లో గుర్తించారు. విషం వదలడం 1968 దాకా ఆగలేదు. తల్లి ఆరోగ్యంగా కనబడుతూ వుంటే గర్భంలోని బిడ్డ ఆ విషాన్ని పీల్చుకుని పుట్టడం వైద్యులు మొదట నమ్మలేకపోయారు. 1971 నుంచి యూజీన్ స్మిత్, ఆయన భార్య ఐలీన్ అక్కడే కాపురముండి తీసిన ఫొటోలు ఆ సంగతిని ప్రపంచానికి చాటాయి. పాదరసం మీద అంతర్జాతీయ ఒడంబడిక 2013లో ఆ ఊరి పేరుతోనే జరిగింది. సూది సరిగ్గా ఆడటం కోసం ఆ బిళ్ళ తిరిగి రావాలని నేను కోరుకోను.

అసలు ఆ సూది సరిగ్గా ఆడినా మన మొహాలకు న్యాయం చేయదు. సూదికి మనిషి తెలియడు. ఎదుట వున్నదంతా కలిపి ఒక నడిమి బూడిదరంగు అనుకుని లెక్క కడుతుంది. తెల్లని ఇసుక, తెల్లని ఆకాశం, మధ్యలో గోధుమరంగు మనిషి నిలబడితే, సూది ఇసుకను బూడిదరంగు చేస్తుంది, మనిషిని బొగ్గు చేస్తుంది. గల్ఫు నుంచి మన ఇళ్ళకు వెళ్ళిన పాత ఆల్బములు తీసి చూడండి. వెనకాల సముద్రం ముత్యంలా వుంటుంది, ముందు నిలబడ్డ బాబాయిగారి పళ్ళు మాత్రం కనబడతాయి. "ఎండకు నల్లబడ్డాడు పాపం" అని ఇంట్లో బామ్మలు ఏడ్చేవారు. సగం తప్పు ఎండది, సగం సూదిది. రంగుల ఫిల్ములకూ ఇందులో వాటా వుంది. ప్రింటింగు ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ పంపే కార్డు మీద దశాబ్దాల పాటు తెల్లజాతి స్త్రీ బొమ్మే వుండేది. రకరకాల చర్మాలతో కార్డు రావడానికి 1990లు రావలసివచ్చింది. దీనికి మందు కెమేరాలో లేదు. సూది చెప్పినదానికి ఒకటి, ఒకటిన్నర మెట్లు ఎక్కువ వెలుతురు ఇవ్వాలి. లేదా మొహం దగ్గరకు వెళ్ళి కొలిచి వెనక్కి రావాలి. నాన్నగారికి యంత్రం తెలుసుగాని ఈ కిటుకు ఎవరూ చెప్పలేదు. సూదిని మైక్రోమీటరును నమ్మినట్టు నమ్మారు.

ఫోను మాత్రం తక్కువదా? మెసయీద్‌లో రాత్రి పదింటికి నాకు వచ్చే వాట్సాప్ ఫొటోలు చూస్తే తెలుస్తుంది. ఒంటి మీద దద్దుర్లు ఫొటో తీసి పంపుతారు, ఫోను ఆ చర్మాన్ని నునుపు చేసి పంపుతుంది. కళ్ళు పచ్చబడ్డాయంటారు, ఫోను వెలుతురును సరిదిద్దే ఉత్సాహంలో ఆ పచ్చదనాన్నే కడిగేస్తుంది. పొద్దున్నే వచ్చి చూపించండి అంటాను. సూది తెలియక తప్పు చెబితే, ఇది తెలిసినట్టు తప్పు చెబుతుంది. కనుక నేను ఫోను తరఫు వకీలును కాను.

ఇప్పుడు మిత్రులు చెప్పిన ముప్ఫయ్యారు బొమ్మల మాట. ఆయన వాదం ఇది: రీలు ఖరీదైనది, బొమ్మలు కొన్నే, అందుచేత మనిషి ఆలోచించి తీసేవాడు. వినడానికి బాగుంది. నేనూ కొంతకాలం నమ్మాను. నమ్మకం పోవడానికి కారణం నాన్నగారి నెగెటివులు.

ఆయన పోయాక బీరువాలో బిస్కెట్ల డబ్బాలో ఇరవై మూడు రీళ్ళ నెగెటివులు దొరికాయి, ఆరేసి బొమ్మల ముక్కలుగా కోసి, ట్రేసింగు కాగితంలో చుట్టి. మొదటి రెండూ సెలవులో ఇంటి దగ్గర తీసిన 'ఇందు' ఫిల్ము, నలుపూ తెలుపూ. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ళు చేసేవారు. ఎక్స్‌రే ఫిల్ములూ వాళ్ళే చేసేవారు కనుక, వీటిని ఎక్స్‌రేలు చూసే లైటుపెట్టె మీద పెట్టి చూడడం సబబే అనిపించింది. ఆల్బములో వున్న ఫొటోలు నాకు కంఠతా వచ్చు. దోహా కార్నిష్ మీద రెయిలింగుకు ఆనుకుని నాన్నగారు. 1982లో తెరిచిన షెరటన్ హోటలు, ఆ పిరమిడ్ ఆకారం, దాని ముందు వరసగా నలుగురు. ఎవరిదో కారు, దాని మీద ఎవరిదో చెయ్యి. ఇస్త్రీ చొక్కాలు. ఆలోచించి తీసినవే అన్నీ. కాని ఆ ఆలోచన దేని గురించి? ఇంటికి పంపదగినదేది, పంపకూడనిదేది అని. కొన్నే బొమ్మలు వున్నప్పుడు మనిషి మంచివి తీస్తాడని హామీ లేదు. చెడిపోనివి తీస్తాడు, మాట రానివి తీస్తాడు. మా నాన్నగారు ఒక్కరే కాదు, ఆ తరం గల్ఫు ఆల్బములన్నీ ఒకే ఫొటో. మిత్రులు గౌరవించే పొదుపు మన ఆల్బములకు చేసిన ఉపకారం ఇది.

పొదుపుకు అవతలి పక్కన ఏముందో కూడా ఆ పెట్టె మీదే కనబడింది. రీలు పూర్తయితేగాని కడగడానికి ఇవ్వలేం. సెలవుకు వెళ్ళే మనిషి చేతిలో ఫొటోలు పట్టుకు వెళ్ళాలి. మూడో నాలుగో బొమ్మలు మిగిలిపోతే ఊరికే నొక్కి అవగొట్టేవారు. జాగ్రత్తగా ఎక్కిస్తే ఒక్కోసారి ముప్ఫయ్యేడోదీ వస్తుంది. ఆ చివరి బొమ్మలు ఏవీ ప్రింటు కాలేదు, ఆల్బములోకి రాలేదు. వాటిల్లో వుంది ఉమ్ సయీద్. కర్మాగారం దగ్గర కెమేరా ఎత్తే వీలు లేదు గనుక అంతా గది లోపలే. మూడు మంచాలు. మంచం కింద ఇనప పెట్టె, దాని మీద సున్నంతో రాసిన పేరు. కిటికీకి అట్టముక్క అడ్డం. తాడు మీద ఆరేసిన బనీనులు. ఒక రీలు చివర పక్క మంచం అతను నిద్రపోతున్నాడు, నోరు తెరుచుకుని, చెయ్యి వేలాడుతూ. మరోదానిలో అద్దంలో నాన్నగారు, కెమేరా మొహానికి అడ్డం. ఇరవై మూడు రీళ్ళలో ఆయన తనను తాను తీసుకున్నది అదొక్కటే, అందులోనూ మొహం లేదు. ఫోకసు సరిగ్గా లేనివి, ఒరిగినవి, మసకవి. విమర్శకుడిగా నన్ను ఎంచుకోమంటే ఆల్బము మొత్తం పక్కన పెట్టి వీటిని ఎంచుకుంటాను. కార్నిష్ ఫొటో ఏ కెమేరాతోనైనా వచ్చేది. గదిలో చీకట్లో, చప్పుడు కాకుండా, పడుకున్నవాడు లేవకుండా తీయడానికి అద్దం మెత్తగా లేచే చిన్న కెమేరా కావలసివచ్చింది. మైతానీ పడ్డ శ్రమకు ఫలితం మా ఇంట్లో ఎక్కడైనా వుంటే అక్కడ వుంది. దాన్ని మేము ముప్ఫయి ఏళ్ళు బిస్కెట్ల డబ్బాలో పెట్టాం.

అందుకని మిత్రులకు నా మనవి: కెమేరా మంచిదే, వుంచుకోండి. మెడలో వేసుకుని సీలైన్ ఇసుకలో సూర్యాస్తమయమూ, తలపాగా ముసలాయన ముడతలూ తీస్తే (మన వాళ్ళలో ఎస్సెల్లార్ పట్టుకున్న ప్రతివాడికీ ఆ ముసలాయన ఎక్కడ దొరుకుతాడో!) అది ఓఎమ్-1 చేయవలసిన పని కాదు. మీ వంటింట్లో తీయండి, నైట్ డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుకునేటప్పుడు తీయండి. ఇంకో మాట. ఇండియా వెళ్ళేటప్పుడు తీసిన రీలు చేతిసంచిలో వుంచితే చాలదు. విమానాశ్రయాల్లో ఇప్పుడు చేతిసామానుకూ సీటీ స్కానర్లు వచ్చాయి, అవి ఫిల్మును పాడుచేస్తాయి. బయటికి తీసి, చేత్తో చూడమని అడగండి. మర్యాదగా అడిగితే సాధారణంగా ఒప్పుకుంటారు.

క్రిందటి వేసవిలో కోనసీమ వెళ్ళినప్పుడు ఆ గది బొమ్మల్లో అయిదింటిని ప్రింటు వేయించి అమ్మకు చూపించాను. బాధపడుతుందని కాస్త సందేహించాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. మంచాల సంగతీ, అట్టముక్క సంగతీ అనలేదు. మధ్య మంచం మీద వేలు పెట్టి, "ఈ దుప్పటి మనదేరా. పెద్దపండక్కి కొని పంపించాను. చిరిగిపోయిందని చెప్పారే" అంది. ఆ ఫొటోను పెద్దది చేయించి హాల్లో పెట్టమంది. స్టూడియోకు తీసుకెళ్ళాను. నాన్నగారు అక్కడా సూదినే నమ్మారు, సూది కిటికీ సందుల్లోంచి వచ్చే ఎండను చూసి కొలిచింది, గది చీకటి పడింది. నెగెటివు పలచగా వుంది, ఎనిమిది అంగుళాలు దాటితే ఏమీ మిగలదని స్టూడియో అతను అన్నాడు. ఎనిమిదికే చేయించాను.